మూడు కప్పులు ఒకే ఊరికి వచ్చిన ఏడాది

1957-58 ఫుట్‌బాల్ సీజను గురించి చెబితే ఇప్పటి పిల్లలు ముందు నా ముఖంలోకి చూస్తారు, తాతయ్య నిజంగానే అంటున్నాడా అని. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద పెద్ద పోటీలంటే నాలుగు. కలకత్తాలో ఐ.ఎఫ్.ఏ. షీల్డ్, బొంబాయిలో రోవర్స్ కప్, ఢిల్లీలో డ్యూరాండ్ కప్, రాష్ట్రాల జట్ల మధ్య సంతోష్ ట్రోఫీ. ఆ ఒక్క సీజనులో ఈ నాలుగింటిలో మూడు హైదరాబాదుకు వచ్చాయి. రోవర్స్, డ్యూరాండ్ కప్పులు రెండూ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గెలిచింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు సొంత ఊళ్ళోనే, ఫైనల్లో బొంబాయిని 3-1తో ఓడించి అందుకుంది. నాకు అప్పటికి పదకొండేళ్ళు. ఈ ఊరికి కొత్త. ఇది నా ఊరు అని నేను మొదటిసారి అనుకున్నది ఆ సీజనులోనే.

మాది కర్నూలు. రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ళూ కర్నూల్లో చాలా ఆఫీసులు గుడారాల్లోనే నడిచాయి. మా నాన్నగారు అలాంటి ఒక గుడారంలో గుమాస్తా. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు మారగానే ఆఫీసు ఫైళ్ళతో పాటు మా సామానూ రైలెక్కింది. కాచిగూడలో ఒక పెద్ద ఇంటి వెనుక భాగం అద్దెకు తీసుకున్నాం. అమ్మకు పక్కింటివాళ్ళ మాట అర్థమయ్యేది కాదు. నాన్నగారికి ఆఫీసులో సగం కాగితాలు చదవడం వచ్చేది కాదు, అవి ఉర్దూలో ఉండేవి. బజారులో అణాల లెక్క, కొత్తగా వచ్చిన నయాపైసల లెక్క, వీటి మధ్య ఇంకా కనిపించే నిజాం కాలపు హాలీ నాణేలు. మా బడిలో పిల్లలు నన్ను 'ఆంధ్రా పిల్లవాడు' అనేవారు. కోపంతో అన్న మాట కాదు, గుర్తుకోసం అన్న మాటే. అయినా ఆ గుర్తు వదిలించుకోవాలని నాకు ఎంత ఆరాటంగా ఉండేదో!

ఇంటి ముందు భాగంలో యజమాని ఉండేవారు. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. మేమంతా ఆయన్ను చాచా అనేవాళ్ళం, చివరికి మా నాన్నగారు కూడా. చాచాకు మాట్లాడటానికి ఒకే విషయం ఉండేది, ఫుట్‌బాల్. మేము వచ్చిన కొత్తలోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జరుగుతున్నాయి. భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్‌కు వెళ్ళింది, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ వార్త వచ్చిన రోజు చాచా వసారాలో అటూ ఇటూ తిరుగుతూ, ఎదురుపడ్డ ప్రతివారికీ జట్టులోని మన ఊరివాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. జట్టుకు శిక్షణ ఇచ్చింది కూడా మన ఊరి మాస్టారే, సయ్యద్ అబ్దుల్ రహీం. ఇన్ని పేర్లు ఒక్క ఊరివా అని నాన్నగారు ఆశ్చర్యపోయారు. ఆయనకు తెలిసిన ఆట చెడుగుడు.

ఆ తర్వాత ఏడాది సీజను మొదలయ్యేసరికి నేను చాచా నీడనయ్యాను. బొంబాయిలో రోవర్స్ జరుగుతున్నన్నాళ్ళూ ఫలితం తెలుసుకోవడానికి ఆయన పొద్దున్నే ఇరానీ హోటలుకు వెళ్ళేవారు. వెంట నేను. పాలరాతి బల్ల మీద 'సియాసత్' పత్రిక పరిచి ఉండేది. దాని చుట్టూ రిక్షావాళ్ళు, రైల్వే కళాసీలు, కాలేజీ కుర్రాళ్ళు. చాచా కళ్ళజోడు సర్దుకుని పైకి చదివేవారు. ఆయన చదువుతుండగా నేను ఆ అక్షరాల వైపే చూసేవాణ్ణి. కొన్నాళ్ళకు ఉర్దూలో 'పోలీస్' అన్న మాట ఎక్కడున్నా గుర్తుపట్టగలిగాను. తర్వాత 'హైదరాబాద్', తర్వాత 'గోల్'. బడిలో ఉర్దూ వాచకం పట్టుకోకముందే ఆ భాషలో నాకు వచ్చిన మాటలివే. సిటీ పోలీస్ రోవర్స్ గెలిచిన మర్నాడు హోటలు యజమాని ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్ళెవరి దగ్గరా చాయ్ డబ్బులు తీసుకోలేదు. నాకూ ఒక కప్పు, ఒక ఉస్మానియా బిస్కెట్ ఇచ్చారు. ఇంట్లో పిల్లలకు టీ నిషేధం. ఆ రోజు హోటల్లో తాగి వచ్చానని తెలిసినా అమ్మ ఏమీ అనలేదు.

సిటీ పోలీసుకు రోవర్స్ కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు ఆ కప్పు వాళ్ళదే. 1950లోనే డ్యూరాండ్ కూడా గెలిచారు, కలకత్తా నుంచి వచ్చిన మోహన్ బగాన్‌ను ఓడించి. ఈ సంగతులన్నీ చాచాకు కంఠోపాఠం. వాటిలో నాకు అన్నిటికంటే నచ్చినవి రహీం సాబ్ కథలు. 'రహీం సాబ్' అని తప్ప ఊళ్ళో ఎవరూ ఆయన్ను ఇంకోలా అనేవారు కాదు. ఆయన బడి పంతులు. మా కాచిగూడ మిడిల్ స్కూల్లో కూడా ఒకప్పుడు పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. సిటీ పోలీసుకూ, భారత జట్టుకూ 1950 నుంచి శిక్షకుడు. బంతిని కాళ్ళ దగ్గర అట్టే పెట్టుకుని ఒక్కడే విన్యాసాలు చేయడం ఆయనకు గిట్టదు. బంతి వచ్చిన వెంటనే చూసి తోటివాడికి అందించాలి. అందుకోసం ఆయన ఊళ్ళో చిత్రమైన పోటీలు పెట్టించారు. ఒకదానిలో డ్రిబ్లింగ్ చేయకూడదు, అంటే బంతిని తన్నుకుంటూ ఒక్కడే ముందుకు పోకూడదు. ఇంకొకదానిలో అలవాటు లేని కాలితోనే ఆడాలి, కుడికాలివాడు ఎడమతో, ఎడమకాలివాడు కుడితో.

ఈ కథ మా గల్లీకి చేరింది. ఇక చూడండి! మా కంటే నాలుగేళ్ళు పెద్దవాడు, మా అందరికీ భాయ్, ఒక సాయంత్రం అందరి కుడికాలికీ గుడ్డపీలిక కట్టాడు. పీలిక కట్టిన కాలు బంతికి తగిలితే బంతి అవతలివాళ్ళది. మొదటి రోజు గోలు మాట దేవుడెరుగు, నిలబడటమే గగనమైంది. నా ఎడమకాలు నా మాట వినేది కాదు. భాయ్ మాత్రం వదల్లేదు. వారం తిరిగేసరికి బంతి గల్లీ గోడకు కొట్టి, తిరిగొచ్చినప్పుడు ఎడమకాలితో ఆపడం వచ్చింది. ఆపిన వెంటనే ఎవరికివ్వాలో ముందే చూసుకోవడం వచ్చింది. భాయ్ ఒక్కసారి మాత్రం 'షాబాష్' అన్నాడు. తర్వాత జీవితంలో పెద్దవాళ్ళ నోట మంచి మాటలు చాలానే విన్నాను, ఆ మాటకు సాటి వచ్చినవి తక్కువ.

బంతి గురించి చెప్పాలి. ఇప్పటి బంతుల్లా అది తేలిక కాదు. తోలు ముక్కలు కుట్టిన బంతి, లోపల రబ్బరు బ్లాడరు. సైకిల్ పంపుతో గాలి కొట్టి, బ్లాడరు మూతి మడిచి దారంతో బిగించి లోపలికి తోసి, పైన తోలు తాడుతో బూటుకు కట్టినట్టు కట్టాలి. ఆ తాడు ముడి ఉన్నచోట తలతో కొడితే నుదుటి మీద గీత పడేది. వానలో తోలు నీరు పీల్చి బరువెక్కేది. అప్పుడు దాన్ని తన్నితే మడమ దాకా నొప్పి. మా గల్లీ బంతి మాకు సొంతం కాదు, ఒక క్లబ్బువాళ్ళు పారేయబోతుంటే భాయ్ అడిగి తెచ్చాడు. స్టేషను దగ్గర చెప్పులు కుట్టే ముసలాయన విడిపోయిన కుట్లకు మైనం రాసిన దారం పోసి, ఆట గురించి నాలుగు మాటలు చెప్పించుకుని, డబ్బులు వద్దనేవాడు. బూట్లు మాలో ఎవరికీ లేవు. పెద్ద జట్లవాళ్ళు కూడా మొన్నమొన్నటిదాకా వట్టికాళ్ళతో ఆడినవాళ్ళేనని, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాకే అందరూ బూట్లు తొడగాలన్న నిబంధన వచ్చిందని చాచా చెప్పేవారు.

బలరాం కథ నాకు ఇంకా దగ్గరగా అనిపించేది. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టాడు. పేద తమిళ కుటుంబం. కుర్రవాడి ఆట రహీం సాబ్ కంట్లో పడింది. నగరానికి వచ్చి సెలక్షన్లలో ఆడమన్నారు. రావడానికి డబ్బులు లేవని కుర్రవాడు చెబితే, సైకిల్ అద్దెకు తీసుకోమని ఆయనే రూపాయి ఇచ్చేవారట. ఈ సంగతి బలరాం పెద్దయ్యాక కూడా చెప్పుకున్నాడు. అమ్ముగూడ నుంచి నగరం నడిబొడ్డుకు అద్దె సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, ఆడి, చీకటి పడ్డాక మళ్ళీ అంత దూరం తొక్కుకుంటూ వెళ్ళడం. ఆ దారిలో నేను తర్వాత ఎన్నోసార్లు బస్సులో వెళ్ళాను. తార్నాక దాటాక ఎత్తుపల్లాలు వచ్చినప్పుడల్లా ఆ సైకిలే గుర్తొచ్చేది. 1957లో ఆయన కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్ళాడు. అక్కడ ఆయన ఎంత పేరు తెచ్చుకున్నాడో ఫుట్‌బాల్ తెలిసిన ప్రతివారికీ తెలుసు. 2023 ఫిబ్రవరిలో పోయాడు. పేపర్లో ఫోటో చూసి ఆ రోజు ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు.

ఆ సీజను డ్యూరాండ్ ఫైనల్లో సిటీ పోలీస్ ఓడించింది కూడా ఈస్ట్ బెంగాల్‌నే. ఢిల్లీ నుంచి వార్త వచ్చినప్పుడు మా గల్లీలో టపాసులు పేలాయి. అప్పటికే ఊరంతా ఒకటే మాట, ఇక సంతోష్ ట్రోఫీ కూడా మనదేనా అని.

సంతోష్ ట్రోఫీ సంగతి వేరు. అది క్లబ్బులది కాదు, రాష్ట్రాలది. 1941లో మొదలైంది. మొదటినుంచీ బెంగాల్‌దే పెత్తనం. నడుమ ఢిల్లీ, మైసూరు, బొంబాయి గెలిచినా మళ్ళీ అది కలకత్తాకే చేరేది. హైదరాబాద్ వరుసగా రెండేళ్ళు, 1949లోనూ 1950లోనూ, కలకత్తాలోనే బెంగాల్‌తో ఫైనల్ ఆడి ఓడింది. మొదటిసారి 5-0, రెండోసారి 1-0. ఆ రెండు ఓటముల గురించి చాచా ఎప్పుడూ కలిపే చెప్పేవారు. 'ఐదు గోల్స్ తేడా ఒక్క ఏడాదిలో ఒక్క గోలుకు తెచ్చారు, చూశావా బేటా' అని. గెలుపుకంటే ఆ తేడా తగ్గడమే ఆయన దృష్టిలో పెద్ద సంగతి. 1956-57లో తిరువనంతపురంలో బొంబాయిని ఓడించి హైదరాబాద్ మొదటిసారి ట్రోఫీ తెచ్చింది. మరుసటి ఏడాది పోటీలు మన ఊళ్ళోనే పెట్టారు.

దేశంలోని రాష్ట్రాల జట్లన్నీ మా వీధుల్లోకి వచ్చాయి. బడి వదిలాక మేము పరుగున వెళ్ళి ఆటగాళ్ళు బస చేసిన చోట గేటు దగ్గర నిలబడేవాళ్ళం. అంతకుముందు ఊళ్ళో లీగు ఆటలు చాచాతో కలిసి ఫతే మైదాన్‌లో చూసినవాణ్ణే గానీ, ఇంత జనాన్ని చూడలేదు. టిక్కెట్టు దొరకనివాళ్ళు చెట్లెక్కారు. షేర్వానీ వేసుకున్న నవాబు సాబులు, పంచెకట్టు పెద్దలు, పోలీసు యూనిఫారాలు, పళ్ళెంలో పల్లీల పొట్లాలు పెట్టుకుని అరిచే పిల్లలు, అందరూ ఒక్కచోట. చాచా నన్ను తన ముందు నిలబెట్టి భుజాల మీద చేతులు వేశారు. మా నాన్నగారు కూడా వచ్చారు. ఆఫీసులో తోటి ఉద్యోగులు పిలిచారట, ఉర్దూ కాగితాలు చదివిపెట్టే ఆ స్థానిక గుమాస్తాలే.

అప్పట్లో మన దేశంలో ఆట డెబ్బై నిమిషాలే. ఆ డెబ్బై నిమిషాల్లో నాకు బాగా గుర్తున్నది గోల్స్ కాదు. బంతి తిరిగిన తీరు. మన హాఫ్‌బ్యాకు, అంటే మైదానం నడుమ ఆడేవాడు, బంతి అందుకుంటాడు, తల ఎత్తి చూస్తాడు, ఇచ్చేస్తాడు. ఇచ్చినవాడు అక్కడే నిలబడడు, ఖాళీ చోటికి పరుగెత్తుతాడు. అది అవతలివాడికి అర్థమయ్యేలోపు బంతి మళ్ళీ అతని కాళ్ళ దగ్గరే ఉంటుంది. కుడివైపు నుంచి ఎడమవైపుకు, మళ్ళీ కుడికి, మగ్గం మీద నాడె కదిలినట్టు. మా గల్లీలో గుడ్డపీలిక కట్టుకుని మేము తడబడుతూ నేర్చుకున్నది ఇదేనని, దీన్ని బాగా చేస్తే ఇలా ఉంటుందని ఆ రోజు అర్థమైంది. అరుపుల మధ్య ఒక్కోసారి ఎలాంటి నిశ్శబ్దం వచ్చేదంటే, బూటు తోలు బంతి తోలుకు తగిలిన చప్పుడు మాకు వినిపించేది. మూడు గోల్స్ మనవి, ఒకటి బొంబాయిది. ఆఖరి విజిల్ పడ్డప్పుడు ముందువరస జనం తాళ్ళు దాటి మైదానంలోకి దూకారు. మా నాన్నగారు పక్కనున్న తోటి గుమాస్తాను గట్టిగా కావలించుకోవడం చూశాను. ఇంట్లో మమ్మల్ని కూడా ఎప్పుడూ కావలించుకోని మనిషి.

జట్టు చొక్కాల మీద పేరు గురించి రాత్రి ఇంట్లో మాటలు నడిచాయి. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయి ఏడాది దాటింది. హైదరాబాద్ అనే రాష్ట్రం భారతదేశ పటంలో లేదు. కానీ ఫుట్‌బాల్లో ఇంకా ఉంది, పైగా దేశ విజేత. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం, ఆంధ్ర ఫుట్‌బాల్ సంఘం ఇంకా వేరువేరుగానే ఉండేవి, 1959లో గానీ కలవలేదు. కలిసినప్పుడు కార్యదర్శి రహీం సాబే. అదే ఏడాది సిటీ పోలీస్ జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. కర్నూలు నుంచి వచ్చిన మేము గెలిచింది మనమేనా, కాదా అని నేను నాన్నగారిని అడిగాను. ఆయన కొంచెం ఆలోచించి, 'మనం ఉంటున్న ఊరు గెలిస్తే మనం గెలిచినట్టే' అన్నారు. తెలంగాణ, ఆంధ్ర వాదాలు ఈ అరవై ఏళ్ళలో ఎన్నో విన్నాను, అన్ని పక్షాల్లోనూ నాకు ఆప్తులున్నారు. ఆ మాట మీదే నేను నిలబడ్డాను. ఈ ఊళ్ళోనే చదివాను, ఉద్యోగం చేశాను, ఇల్లు కట్టుకున్నాను.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రహీం సాబ్ జట్టు బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు. చాచా ఆ రోజు అన్నం ముట్టలేదు. 1965-66లో కొల్లంలో ఆంధ్రప్రదేశ్ పేరు మీద సంతోష్ ట్రోఫీ మళ్ళీ వచ్చింది, ఈసారి సాక్షాత్తు బెంగాల్‌ను ఓడించి. అదే ఆఖరు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆంధ్రప్రదేశ్‌గానూ, తెలంగాణగానూ మనకు ఆ ట్రోఫీ రాలేదు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, ఇంత గొప్పవాళ్ళు ఈ ఊరి మట్టిలోనే పుట్టి కలకత్తాలో వెలిగారు. వాళ్ళు వెళ్ళడం తప్పని నేను అనను. అక్కడ ఆటకు అన్నం పెట్టేవాళ్ళున్నారు. ఇక్కడ ఒక్క మాస్టారు తన భుజాల మీద మోసిన పనిని ఆయన పోయాక పంచుకునే మనుషులు రాలేదు. బడుల్లో ఆటస్థలాలు పోయాయి. ఎడమకాలితో ఆడించే పంతులు లేడు. క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ను మింగేసిందని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. బెంగాల్లోనూ, కేరళలోనూ క్రికెట్ ఉంది కదా!

2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుది పోటీలు మళ్ళీ హైదరాబాదుకు వచ్చాయి. డిసెంబరు 31 రాత్రి గచ్చిబౌలిలో ఫైనల్. పశ్చిమ బెంగాల్, కేరళ. మనవడు నన్ను కారులో తీసుకెళ్ళాడు. ఆట ముగింపులో రోబి హన్స్‌దా కొట్టిన ఒక్క గోలుతో బెంగాల్ గెలిచింది. మన జట్టు లేదు, అయినా ఆట బాగుంది. ఇంటికి వస్తూ దారిలో మనవడు అడిగాడు, మనం ఎప్పుడైనా గెలిచామా అని. ఇంటికి చేరేదాకా చెబుతూనే ఉన్నాను. అదంతా రాసి పెట్టమన్నాడు. అందుకే ఇది రాశాను.

ఒక కోరిక ఉంది. ఆ సీజను ఫోటోలు నా దగ్గర ఒక్కటీ లేవు. చాచా ఇంటి గోడ మీద ఉన్న గ్రూపు ఫోటో ఆ ఇల్లు పడగొట్టినప్పుడు ఏమైందో. పాత బస్తీలోనో, సికింద్రాబాద్‌లోనో, అమ్ముగూడలోనో, ఎవరి ఇంట్లోనైనా ఆ కాలపు ఆటగాళ్ళ ఫోటో, ఒక టిక్కెట్టు ముక్క, కత్తిరించి పెట్టుకున్న 'సియాసత్' కాగితం ఉంటే దయచేసి పారేయకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాటిలోని మనుషుల పేర్లు అడిగి, వెనుక పెన్సిలుతో రాసి పెట్టండి. ఆ ముఖాలను పేరుపెట్టి పిలవగలిగినవాళ్ళం ఇంకా కొద్దిమందిమి ఉన్నాం.